జబ్బు ఒకటే, పెట్టెలు నాలుగు: టీబీ శాంపిళ్ల రవాణాపై ఒక కేస్ స్టడీ

హైదరాబాద్‌లోని ఒక ల్యాబ్‌లో శాంపిళ్ల డిస్పాచ్ నేను చూస్తాను. బయటివాళ్లకు ఇది ప్యాకింగ్ పనిలా కనిపిస్తుంది. నిజానికి పెట్టెకు టేపు వేయడం చివరి పావుగంట పనే. అంతకుముందు ఒక రోజో, రెండు రోజులో, ఒక్కోసారి వారమో ఒకే ప్రశ్న పట్టుకుని తిరుగుతాం: ఈ ట్యూబులో ఉన్నది ఏమిటి, ఏ రూపంలో ఉంది? దానికి సరైన జవాబు దొరక్కపోతే ఎంత ఖరీదైన పెట్టె కొన్నా ప్రయోజనం లేదు. ఈ కేసు మొత్తం ఆ ప్రశ్న గురించే.

ఒక బుధవారం మధ్యాహ్నం ఒక ప్రాజెక్టు నుంచి రిక్వెస్ట్ ఫారం వచ్చింది. అందులో ఒకటే లైను: "టీబీ శాంపిళ్లు 62, చెన్నైకి, విమానంలో, అర్జెంట్." ఫారంతోపాటు ఒక పెద్ద థర్మాకోల్ డబ్బా. మా ప్యాకింగ్ అన్న చాలా అనుభవం ఉన్న మనిషి. ఫారం చూడగానే యూఎన్ 3373 స్టిక్కర్ల కట్ట బయటికి తీశారు. రవాణాలో ప్రమాదం తక్కువగా ఉండే 'కేటగిరీ బీ' ఇన్ఫెక్షన్ శాంపిళ్లకు వేసే గుర్తు అది. "టీబీ అంటే కేటగిరీ బీ యే కదా మేడం" అన్నారు.

ఆయన మాటలో తప్పేమీ లేదు. మా దగ్గరికి వచ్చే టీబీ శాంపిళ్లు నూటికి తొంభై తొమ్మిది కఫం డబ్బాలే, అవి కేటగిరీ బీ కిందే వెళ్తాయి. కానీ ఫారంలో 'కఫం' అన్న మాట ఎక్కడా లేదు. 'శాంపిళ్లు' అని మాత్రమే ఉంది. మా పనిలో ఇంతకు మించి టెన్షన్ పెట్టే మాట లేదు. రోగి ఉమ్మిన కఫమూ శాంపిలే, నెలరోజులు పెంచిన బ్యాక్టీరియా కూడా శాంపిలే.

డబ్బా మూత తీసి పై వరుస చూశాను. 50 మిల్లీలీటర్ల ఫాల్కన్ ట్యూబులు, లోపల కఫం. సరే అనుకున్నాను. వాటి పక్కన రబ్బరు బ్యాండుతో కట్టిన ఏడు సన్నటి గాజు ట్యూబులు. లోపల లేత పసుపు రంగు ద్రవం, పైభాగమంతా తేటగా ఉంది. చాలావాటి అడుగున మాత్రం నానిన బొంబాయి రవ్వలా తెల్లటి నలకలు పేరుకున్నాయి. ట్యూబు కాస్త కదిలితే ఆ రవ్వ లేచి మళ్లీ మెల్లగా కిందికి దిగుతోంది. టీబీ కల్చర్, అంటే ల్యాబులో పెంచిన క్రిమి, ఎప్పుడైనా చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. వేరే బ్యాక్టీరియా చేరితే ద్రవమంతా మజ్జిగలా కలకబారుతుంది. టీబీ క్రిమి అలా కాదు, గుంపులు గుంపులుగా పెరిగి అడుగున కూర్చుంటుంది. అవి టీబీ క్రిమిని ద్రవంలో పెంచే ఎంజీఐటీ ట్యూబులు, బతికున్న కల్చర్లు. గాజు గాజుకు తగులుతూ, థర్మాకోల్ డబ్బాలో, మా ప్యాకింగ్ గది బల్ల మీద ఉన్నాయి.

ఆ నిమిషం స్టిక్కర్ల సంగతి పక్కన పెట్టాం. అందరం వెనక్కి జరిగాం. కల్చర్ ల్యాబ్‌కు ఫోన్ చేస్తే వాళ్లే సీల్ వేసే డబ్బాతో వచ్చి ఆ ఏడింటినీ తిరిగి ప్రమాదకర క్రిములతో పనిచేయడానికి కట్టుదిట్టంగా కట్టిన తమ బీఎస్ఎల్-3 గదికి తీసుకెళ్లారు. మా గదిలో ఏ ట్యూబు మూతా తెరవం. ఈ నియమానికి మినహాయింపు లేదు.

రూల్ అసలు ఏమంటుంది

ఇన్ఫెక్షన్ కలిగించే పదార్థాల వర్గీకరణ ఐక్యరాజ్యసమితి నిపుణుల మోడల్ నిబంధనల నుంచి వస్తుంది. అక్కడి నుంచి ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) సాంకేతిక సూచనల్లోకి, విమానయాన సంస్థలు రోజూ వాడే ఐఏటీఏ (ఆ సంస్థల అంతర్జాతీయ సంఘం) పుస్తకంలోకి చేరుతుంది. ఈ పుస్తకం ఏటా జనవరి 1 నుంచి కొత్తది అమల్లోకి వస్తుంది. మన దేశంలో విమానాల్లో ప్రమాదకర వస్తువుల రవాణాకు విడిగా రూల్స్ ఉన్నాయి, వాటి అమలు పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ చూస్తుంది.

కేటగిరీ ఎ నిర్వచనంలో నేను కొత్తవాళ్ల చేత పదిసార్లు చదివించే మాట ఒకటుంది: 'ఏ రూపంలో రవాణా చేస్తున్నామో ఆ రూపంలో'. ఆ రూపంలో అది తగిలితే ఆరోగ్యంగా ఉన్న మనిషికి గానీ పశువుకు గానీ శాశ్వత వైకల్యం, ప్రాణాపాయం, చావు కలిగించగలిగితే అది కేటగిరీ ఎ. మనుషులకు సోకేవైతే యూఎన్ 2814, పశువులకు మాత్రమే సోకేవైతే యూఎన్ 2900. ఆ స్థాయికి రాని ఇన్ఫెక్షన్ పదార్థం కేటగిరీ బీ, యూఎన్ 3373. నిబంధనల్లో కేటగిరీ ఎ కు ఒక సూచిక పట్టిక ఉంటుంది. అందులో చాలా పేర్ల పక్కన 'కల్చర్లు మాత్రమే' అని ఉంటుంది. టీబీ క్రిమి అలాంటిదే. డెంగీ, హెచ్ఐవీ, రేబిస్, ఆంత్రాక్స్ కూడా అంతే. వానాకాలంలో మన ఊళ్ల నుంచి వేలల్లో వెళ్లే డెంగీ సీరం కేటగిరీ బీ. అదే వైరస్‌ను ల్యాబ్‌లో పెంచితే కేటగిరీ ఎ. విశాఖ ఏజెన్సీలో ఆంత్రాక్స్ అనుమానంతో పుండు మీద నుంచి తీసిన స్వాబ్ బీ, దాన్నుంచి ప్లేటు మీద పెరిగిన కాలనీ ఎ. కొన్ని పేర్ల పక్కన మాత్రం ఆ మాట ఉండదు. నిపా, క్యాసనూర్ ఫారెస్ట్ వైరస్, ఎబోలా అలాంటివి. అక్కడ రోగి రక్తం కూడా కేటగిరీ ఎ యే.

ఇక్కడ చాలామంది, చదువుకున్నవాళ్లు కూడా, రిస్క్ గ్రూపునూ రవాణా కేటగిరీనీ కలిపేస్తారు. టీబీ క్రిమి రిస్క్ గ్రూప్ 3 కాబట్టి అన్నీ ఎ అంటారు. రిస్క్ గ్రూపు ల్యాబ్‌లో ఆ క్రిమితో పనిచేసేటప్పటి లెక్క. రవాణాలో లెక్క వేరు. మూసి ఉన్న పెట్టె పగిలితే దారిలో ఉన్నవాళ్లకు ఏమవుతుందన్నదే అక్కడి ప్రశ్న.

కల్చర్ అంటే ఏమిటో కూడా నిబంధన స్పష్టంగా చెబుతుంది: క్రిమిని కావాలని పెంచే ప్రక్రియలో వచ్చినది. రోగి నుంచి నేరుగా తీసినది కల్చర్ కాదు, అందులో ఎంత క్రిమి ఉన్నా సరే.

62 ట్యూబుల లెక్క

ప్రాజెక్టు అమ్మాయిని పిలిపించాం. కంగారుగా వచ్చింది. "తప్పు చేశానా మేడం?" అంది. తప్పు ఆ అమ్మాయిది కాదు. మేమిచ్చిన ఫారంలో జబ్బు పేరు, ట్యూబుల సంఖ్య తప్ప వేరే గడే లేదు. ఆ తప్పు మాది, అదే మాట చెప్పాను. తర్వాత ఇద్దరం కూర్చుని ఒక్కో రకానికి మూడు ప్రశ్నలు వేసుకున్నాం. ఎవరి నుంచి తీశారు, ఎందుకు? తీశాక దానికి ఏం చేశారు? అవతలి ల్యాబ్ దానితో ఏం చేయబోతోంది?

18 కఫం ట్యూబులు సులువుగానే తేలాయి. తెలిసిన టీబీ రోగులవి, నేరుగా తీసినవి. కేటగిరీ బీ.

సీరం 12 వయల్స్. వీటి దగ్గర చాలాసేపు ఆగాం. మందులు వాడుతున్నవాళ్ల లివర్ ఫంక్షన్ చూడటానికి పంపుతున్నారు. మా టీంలో ఒకరు, "టీబీ పరీక్షకు కాదు కదా, లివర్ టెస్టుకే కదా, మినహాయింపు ఉన్న మానవ నమూనాగా పంపొచ్చు" అన్నారు. ఆ వాదన చాలాచోట్ల విన్నాను. మినహాయింపు ఇన్ఫెక్షన్ ఉండే అవకాశం చాలా తక్కువ అని వృత్తిపరమైన అవగాహనతో తేల్చినప్పుడే వర్తిస్తుంది. షుగర్, కొలెస్ట్రాల్, హార్మోన్లు, గర్భ నిర్ధారణ లాంటివి దానికి ఉదాహరణలు. లివర్, కిడ్నీ పరీక్షలు కూడా ఆ ఉదాహరణల్లో ఉన్నాయి. కానీ అక్కడ షరతు ఉంది: ఆ రోగికి ఉన్నది అంటువ్యాధి కాని జబ్బు అయి ఉండాలి. ఇక్కడ అందరికీ టీబీ ఉంది, కొందరికి హెచ్ఐవీ పరీక్ష ఫలితం ఇంకా రాలేదు. ఏ పరీక్షకు పంపుతున్నామన్నదే కాదు, ఎవరి రక్తమన్నదీ చూడాలి. నేను కేటగిరీ బీ అని రాశాను. ఇంకొకరైతే వేరేగా రాసేవారేమో. అందుకే ఆ నిర్ణయం ఎవరు, ఏ కారణంతో తీసుకున్నారో ఫైల్లో రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టాను.

తర్వాత నాలుగు సీసాలు, మెడ దగ్గరి లింఫ్ గ్రంథి ముక్కలు. జాబితాలో 'బయాప్సీ' అని ఉంది. ఇలాంటి ముక్కల్ని మామూలుగా ఫార్మలిన్ అనే, కణజాలాన్ని పాడవకుండా ఉంచే ద్రవంలో వేస్తారు. ఫార్మలిన్‌లో వేశాక క్రిమి చస్తుంది. ముక్క పూర్తిగా ఫిక్స్ అయ్యాక అది ఇన్ఫెక్షన్ పదార్థం కిందికి రాదు. ల్యాబ్‌లో 10 శాతం ఫార్మలిన్ అనేదాంట్లో ఫార్మాల్డిహైడ్ సుమారు 4 శాతమే. పది శాతం లోపు ఉంటే దాన్ని విమానంలో ప్రమాదకర ద్రవంగా లెక్కించరు. అంతా బాగానే ఉంది కదా అని ముందుకు వెళ్లబోతుంటే ఆ అమ్మాయి, "నాలుగోది సీబీనాట్‌కు మేడం, దాన్ని సెలైన్‌లో పెట్టాం" అంది. సీబీనాట్ అంటే టీబీ క్రిమి జన్యువును వెతికే పరీక్ష. నాలుగు సీసాలూ ఒకే సైజు, ఒకే తెల్ల మూత, లోపల నీళ్లలాంటి ద్రవంలో బఠాణీ గింజంత ముక్క. మూడింటిలో చచ్చిన కణజాలం, ఒకదాంట్లో బతికున్న టీబీ క్రిమి ఉండే అవకాశం. కంటికి ఏ తేడా లేదు. ఆ ఒక్కటీ కఫం పెట్టెలోకి, కేటగిరీ బీ కిందికి మారింది. ఆ అమ్మాయి ఆ మాట అనకపోతే అది మామూలు పార్సిల్లో వెళ్లిపోయేది. ఈ మొత్తం కేసులో నన్ను బాగా కలవరపెట్టింది కల్చర్లు కాదు, ఈ సీసానే.

వేలి రక్తపు చుక్కల కార్డులు 15. అట్ట మీద ఆరిపోయిన రక్తపు చుక్కలకు ఈ నిబంధనలు వర్తించవు. పూర్తిగా ఆరాయో లేదో చూసి, తేమ పీల్చే పొట్లంతో కవర్లో పెట్టాం.

డీఎన్ఏ ఆరు ట్యూబులు. శుద్ధి చేసిన డీఎన్ఏలో బతికున్న క్రిమి లేదు కాబట్టి ఇన్ఫెక్షన్ పరంగా అభ్యంతరం లేదు. అయితే అందులో రెండు 70 శాతం ఇథనాల్‌లో ఉన్నాయి. ఆల్కహాల్ మంటంటుకునే ద్రవం, క్లాస్ 3. కొద్ది మోతాదుకు సడలింపులున్నాయి గానీ రెండు చుక్కల కోసం ఆ కాగితాలన్నీ ఎందుకు? ఇథనాల్ తీసేసి ఆరబెట్టి బఫర్‌లో కలపమన్నాం. అరగంటలో అయిపోయింది.

ఏడు కల్చర్ల కథ

వీటికి లెక్క కట్టి చూశాం. ఎంజీఐటీ ట్యూబులో 7 మిల్లీలీటర్ల ద్రవం ఉంటుంది. దానికి 0.8 సప్లిమెంట్, 0.5 శాంపిల్ కలుపుతారు. మొత్తం 8.3. ఏడు ట్యూబులంటే 58 మిల్లీలీటర్లు దాటుతుంది. ప్రయాణికుల విమానంలో కేటగిరీ ఎ ద్రవం ఒక పెట్టెకు 50 మిల్లీలీటర్లకు మించకూడదు. కార్గో విమానంలో 4 లీటర్ల దాకా వెళ్తుంది గానీ మాకు కావాల్సిన రూట్లో అది దొరకడం కష్టం.

అప్పుడు మూడో ప్రశ్న పనికొచ్చింది. చెన్నై ల్యాబ్‌కు ఫోన్ చేసి, "వీటితో మీరేం చేస్తారు?" అని అడిగాం. రెండింటికి జీన్ సీక్వెన్సింగ్ మాత్రమే, మూడింటికి మందులు పనిచేస్తున్నాయో లేదో పెంచి చూసే పరీక్ష. మిగతా రెండు? వాళ్ల జాబితాలో లేనే లేవు. విచారిస్తే తెలిసింది, ఆ రెండూ, క్రిమి పెరుగుదలను పసిగట్టే మెషీన్ ఇంకా పాజిటివ్ చూపించని ట్యూబులు. తొమ్మిదో రోజునే పొరపాటున మిగతావాటితో కలిపి బయటికి తీశారు. అవి వెంటనే తిరిగి మెషీన్‌లోకి వెళ్లాయి. పాజిటివ్ రాలేదు కాబట్టి వాటిని బీ కింద పంపొచ్చు కదా అని తర్వాత ఒకరు అడిగారు. పంపకూడదు. క్రిమిని పెంచడానికే పెట్టిన ట్యూబు అది, ఇంకా ఫలితం తేలలేదు. అనుమానం ఉంటే ఎ కింద చేర్చాలని నిబంధనే చెబుతోంది.

సీక్వెన్సింగ్ రెండింటినీ కల్చర్ ల్యాబ్ వాళ్లు తమ గదిలోనే వేడితో చంపి, డీఎన్ఏ తీసిచ్చారు. క్రిమి నిజంగా చచ్చిందని వాళ్ల పద్ధతి పరీక్షించి రుజువైన రికార్డు ఉంది, దాని కాపీ తీసుకున్నాను. 'వేడి చేశాం' అన్న మాట నాకు సరిపోదు. మిగిలిన మూడింటి నుంచి ఒక్కో మిల్లీలీటరు మరమూత ప్లాస్టిక్ వయల్స్‌లోకి తీశారు. 58 మిల్లీలీటర్ల గాజు కాస్తా 3 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ అయింది. కేటగిరీ మారలేదు, కానీ పెట్టె పగిలితే బయటపడేది ఎంతో ఆ లెక్క పూర్తిగా మారిపోయింది.

మా మేనేజరు ఆ మధ్యలో ఒకసారి, "ఇంత తర్జనభర్జన ఎందుకు, అన్నిటికీ కేటగిరీ ఎ వేసేస్తే సేఫే కదా" అన్నారు. కాదు. కఫం 18 ట్యూబులు ఎ కింద పెడితే 50 మిల్లీలీటర్లు దాటి విమానం ఎక్కవు. ఎక్కినా అనుమతులకు రోజులు పడుతుంది, ఆ లోపు కఫంలో వేరే క్రిములు పెరిగి పరీక్ష పాడవుతుంది. అక్కడ ఒక రోగి ఏ మందు వేసుకోవాలో తెలియక ఎదురుచూస్తూ ఉంటాడు. ఎక్కువ కేటగిరీ వేయడం కూడా తప్పుడు డిక్లరేషనే.

ప్యాకింగ్

మొదటి పెట్టె, కఫం, సెలైన్ ముక్క: జెల్ ప్యాకులతో, యూఎన్ 3373. ట్యూబు, దాన్ని పీల్చుకునే మెత్త, లీక్ కాని రెండో డబ్బా, గట్టి బయటి పెట్టె. ద్రవాలకు ట్యూబు గానీ రెండో డబ్బా గానీ 95 కిలోపాస్కల్ పీడనాన్ని తట్టుకోవాలి. పెట్టె 1.2 మీటర్ల ఎత్తు నుంచి పడినా లోపలిది బయటికి రాకూడదు. వజ్రం ఆకారంలో ఉండే యూఎన్ 3373 గుర్తు ఒక్కో వైపు 50 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. మూతలన్నీ బిగించాక ఒక్కో ట్యూబును టిష్యూ మీద తలకిందులుగా నిలబెట్టి పది నిమిషాలు చూస్తాం.

రెండోది సీరం, డ్రై ఐస్‌తో. దీని విషయంలో నాకో పాత భయం ఉంది. కొన్నేళ్ల కిందట నేను వేరే చోట పనిచేసేటప్పుడు, కొత్తగా చేరిన ఒకరు వయల్స్ చల్లగా ఉండాలని డ్రై ఐస్ ముక్కల్ని గట్టి మూత ఉన్న రెండో డబ్బాలోనే పోశారు. ఒక కిలో డ్రై ఐస్ సుమారు 500 లీటర్ల గ్యాస్ అవుతుంది. అరగంటకే డబ్బా పొట్ట ఉబ్బి, మూత ఎగిరి సీలింగ్‌కు తగిలింది. అది విమానంలో కాదు, మా బల్ల మీదే జరగడం అదృష్టం. డ్రై ఐస్ ఎప్పుడూ రెండో డబ్బా బయటే ఉండాలి, బయటి పెట్టెకు గ్యాస్ పోయే దారి ఉండాలి. థర్మాకోల్ మూత చుట్టూ టేపు వేయకూడదు. దీనికి క్లాస్ 9 లేబుల్, యూఎన్ 1845, డ్రై ఐస్ నికర బరువు కిలోల్లో. మేం 8 కిలోలు వేసి 8 అని రాశాం.

మూడోది మూడు వయల్స్ కోసం. దీనికి కేటగిరీ ఎ కోసం పరీక్షించి, యూఎన్ ముద్ర వేసిన పెట్టె తప్పనిసరి. అది 9 మీటర్ల ఎత్తు నుంచి పడేసి చూసిన డిజైన్. మరమూతలకు పారాఫిల్మ్ అనే సాగే సీలింగ్ పట్టీ చుట్టాం, ఒక్కోదాన్ని విడిగా మెత్తతో చుట్టాం. విషయసూచిక కాగితం రెండో డబ్బాకీ బయటి పెట్టెకీ మధ్య పెట్టాం. పంపేవారు సంతకం చేసే ప్రకటన అయిన షిప్పర్స్ డిక్లరేషన్‌లో క్రిమి పేరు రాయాలి, పెట్టె మీద రాయక్కర్లేదు. సంతకం చేసేవారికి చెల్లుబాటులో ఉన్న ట్రైనింగ్ ఉండాలి, అది 24 నెలలకోసారి మళ్లీ తీసుకోవాలి. పంపే ముందే అందుకునేవాళ్లతోనూ విమానయాన సంస్థతోనూ మాట్లాడి ఒప్పించాలి.

నాలుగోది ఫార్మలిన్ సీసాలు మూడు, కార్డులు, డీఎన్ఏ. నిబంధనలు వర్తించకపోయినా మూడు పొరలు తప్పలేదు. ఫార్మలిన్ కారితే కార్గో గదిలో ఎవరికైనా కళ్లు మండుతాయి.

ఎయిర్‌పోర్టులో

శనివారం ఉదయం మూడు పెట్టెలు ఇబ్బంది లేకుండా వెళ్లాయి. కేటగిరీ ఎ పెట్టెను ఆపారు. డిక్లరేషన్‌లో మేమిచ్చిన ఎమర్జెన్సీ నంబరుకు కార్గో వాళ్లు అక్కడి నుంచే ఫోన్ చేశారు. అది మా ఆఫీసు ల్యాండ్‌లైన్. శనివారం ఎవరూ ఎత్తలేదు. వాళ్లు చేసింది నూరుపాళ్లు సరైన పని. ఆ నంబరు అలంకారానికి కాదు, రాత్రి రెండింటికి పెట్టె తడిసి కనిపిస్తే ఎవరిని అడగాలో తెలియడానికి. నా మొబైల్ నంబరుతో డిక్లరేషన్ మళ్లీ రాసి, పెట్టె మీద కూడా మార్చి సంతకం పెట్టాను. ఆ విమానం తప్పిపోయింది, మధ్యాహ్నం దాంట్లో వెళ్లింది.

ఆదివారం చెన్నై నుంచి ఫోన్. కల్చర్లు క్షేమం. డ్రై ఐస్ ఇంకా సగానికి పైగా ఉంది. కఫం ట్యూబుల్లో ఒకటి మాత్రం కారింది. వాళ్లు పంపిన ఫొటోలో చూస్తే మూత మర తప్పి కూర్చుంది, ఒక పక్కన వెంట్రుకవాసి వాలి ఉంది. మా టిష్యూ పరీక్షలో అది పట్టుబడలేదు. కారినదంతా మెత్త పీల్చుకుంది, రెండో డబ్బా బయటి వైపు పొడిగా ఉంది. ఆ రోగి నుంచి మళ్లీ కఫం తీసి పంపాం. అప్పటి నుంచి మూత బిగించే ముందు ఒక చుట్టు వెనక్కి తిప్పి, మర కూర్చున్న చిన్న 'టిక్' విన్నాకే బిగించమని కఫం తీసే చోటే నేర్పిస్తున్నాం. మా దగ్గరికి వచ్చాక మూత తెరవలేం కదా.

రిక్వెస్ట్ ఫారం మార్చాం. జబ్బు పేరు గడి ఇప్పుడు చివరికి వెళ్లింది. మొదటి గడి 'ట్యూబులో ఉన్నది ఏమిటి', రెండోది 'తీశాక దానికి చేసినది', మూడోది 'ఏ ద్రవంలో ఉంది', నాలుగోది 'అవతల ఏం చేస్తారు'. ఒక్కో రకానికి ఒక్కో వరుస.

మెషీన్‌లోకి తిరిగి వెళ్లిన రెండు ట్యూబుల్లో ఒకటి పదహారో రోజున పాజిటివ్ చూపించింది. రెండోది 42 రోజులు నిండే దాకా ఏమీ పెరగకుండా నెగెటివ్‌గా ముగిసింది. పాజిటివ్ వచ్చినదానికి ఆ అమ్మాయి కొత్త ఫారం తెచ్చింది. మొదటి గడిలో 'ఎంజీఐటీ కల్చర్, బతికున్నది, 1 మిల్లీలీటరు' అని రాసి ఉంది.